సీసా మీద కథ, సీసాలో సరుకు

పత్రిక చేతికి రాగానే మీరు ముందు ఏ పేజీ తిప్పుతారు? సీరియల్ అని కొందరంటారు, వారఫలాలని కొందరంటారు. వంటల పేజీ అని పైకి చెప్పి వారఫలాలు చదివేవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం, నవ్వనంటే చెబుతాను, ప్రకటనలు చూస్తాను. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. "కథలు చదవాల్సిన మనిషివి, సబ్బుల బొమ్మలు చూస్తావేమిటి?" అని మా వారు ఎన్నిసార్లు వేళాకోళం చేశారో లెక్క లేదు. అవి కూడా కథలేనండీ మహానుభావా అని నేనూ అన్నిసార్లూ చెప్పాను.

నిజంగానే అవి కథలు. మన ఆడవాళ్ళు జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా చదివిన, చూసిన కథలు అవే అన్నా తప్పులేదు. నవల చదవాలంటే తీరిక చూసుకోవాలి. సబ్బు కథకి తీరికతో పని లేదు. అదే మన వంటింట్లోకి, స్నానాల గదిలోకి, పిల్లలు పాలు తాగే బల్ల మీదికి వచ్చి కూచుంటుంది. అయినా ఐదొందల ప్రతులు అచ్చయిన నవలకి సమీక్ష రాస్తారు గానీ, ఊరూవాడా చూసిన ప్రకటనకి ఎవరూ రాయరు. పాత్రపోషణ ఎలా ఉంది, ముగింపు నమ్మేటట్టుందా, రాసినవాడు ఎవరి పక్షాన ఉన్నాడు అని అడిగే నాథుడే లేడు.

ఆ పని నేను చేద్దామని అనుకోలేదు. మా అక్క కూతురు వచ్చి నన్ను అందులోకి దింపింది.

అమ్మాయి ఎం.బి.ఏ. చదువుతోంది. సెలవులకి మారేడుపల్లిలో మా ఇంటికి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నాతో మోండా మార్కెట్టుకి కూరలకి వచ్చి, సంచీ పట్టుకుని పక్కన నడుస్తూ, "పిన్నీ, ఇప్పుడు కంపెనీలు సరుకు అమ్మడం లేదు, కథ అమ్ముతున్నాయి. మా సారు మొదటి క్లాసులోనే చెప్పారు" అంది.

"మరి సరుకేమయిందే?"

"కథతో పాటు వస్తుంది."

"బెండకాయల మీద కొసరు వేసే కరివేపాకులాగానా?"

అమ్మాయి నవ్వింది. నవ్వి, అసలు సంగతి బయటపెట్టింది. మన ఊరి బ్రాండ్ల కథల మీద వ్యాసం రాసుకు రమ్మన్నారట. సికింద్రాబాదులో అలాంటివేమైనా నీకు తెలుసా పిన్నీ అని అడిగింది. తెలుసా అంటే ఏం చెప్పను? ఈ ఊళ్ళో నలభై ఏళ్ళు కాపరం చేశాను. తెలియకుండా ఎలా ఉంటుంది?

మొదట ప్యారడైజ్ సంగతి చెప్పాను. సికింద్రాబాదు అన్న పేరు మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వచ్చింది. అది ప్రభువులు పెట్టిన పేరు. ప్యారడైజ్ అలా కాదు. అది మొదట ఒక సినిమా హాలు. దాన్ని అంటిపెట్టుకుని 1953లో ఒక చిన్న క్యాంటీను మొదలైంది. ఆట మధ్యలో బయటికి వచ్చినవాళ్ళు చాయ్ తాగి లోపలికి పోయేవారు. కాలం గడిచింది. కథలు చూపించిన హాలు పోయింది, చాయ్ పోసిన క్యాంటీను హోటలయింది, బిర్యానీకి పేరు పడింది. ఆ హోటలు పేరే చౌరస్తాకి పేరయింది. బస్సు కండక్టరు "ప్యారడైజ్, ప్యారడైజ్" అని అరిస్తే దిగేవాళ్ళలో సగం మందికి బిర్యానీతో పనే ఉండదు, అక్కడ బస్సు మారాలి అంతే. 2017లో మెట్రో రైలు వచ్చినప్పుడు స్టేషనుకీ అదే పేరు పెట్టారు.

"చూశావా, ఈ కథకి రచయిత లేడు" అన్నాను. "సినిమా హాలు వాళ్ళు పేరు పెట్టారు, హోటలు వాళ్ళు ఉంచుకున్నారు, ఆటోవాళ్ళూ కండక్టర్లూ రోజూ చదివి వినిపించారు. నీ కంపెనీలు కోట్లు పోసినా ఇలాంటి కథ రాయించగలవా?"

"కానీ ఇందులో ఎమోషన్ లేదు పిన్నీ" అంది అమ్మాయి. సరే, అదీ ఉన్న కథ చెబుదామని ఇంటికి తీసుకొచ్చి మందుల అలమార తెరిచాను.

మా అలమారలో రెండు పాత కాపరస్తులున్నాయి. ఒకటి నాతో పుట్టింటి నుంచి వచ్చింది, పసుపురంగు అమృతాంజనం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. రెండోది నేను కాపరానికి వచ్చేసరికే ఈ ఇంట్లో ఉంది, జిందా తిలిస్మాత్. మా అత్తగారు పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. తలనొప్పి వస్తే నేను ఒకటి తీసేదాన్ని, ఆవిడ ఇంకోటి తీసేవారు. మా ఇంట్లో ఆంధ్రా, తెలంగాణా తగువు అలమార దగ్గరే మొదలై, ఇద్దరికీ నొప్పి తగ్గాక అక్కడే ముగిసేది.

జిందా తిలిస్మాత్ ని 1920లో హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేశారు. నీలగిరి తైలం, కర్పూరం, వాము పువ్వు ఇలాంటివి కలిపిన యునానీ మందు. పేరు చూడండి. జిందా అంటే ప్రాణమున్నది, తిలిస్మ్ అంటే మాయ. ఈ తిలిస్మ్ అన్న మాట మందుల కొట్టులో పుట్టింది కాదు, ఉర్దూ దాస్తాన్లలోది. మన కాశీమజిలీ కథల్లాంటి అద్భుత కథలు అవి. మాంత్రికుడు ఒక మాయాలోకం కడతాడు, వీరుడు అందులోకి వెళ్ళి ఆ మాయ విరగ్గొట్టి బయటపడతాడు. 'తిలిస్మ్-ఎ-హోష్రుబా' అనే అంత పెద్ద దాస్తాను 1883 నుంచి లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్సు వారు సంపుటాలుగా అచ్చువేశారు. అంటే 1920 నాటికి ఉర్దూ చదివే ఇళ్ళల్లో ఆ మాట వినగానే ఒళ్ళు పులకరించే అలవాటు ఉంది. హకీం గారు కొత్త కథ చెప్పలేదు, జనానికి తెలిసిన కథ మొత్తాన్ని ఒక్క మాటలో సీసా మీదికి తెచ్చారు. విమర్శకురాలిగా నా మార్కులు పేరుకే ఎక్కువ.

బొమ్మ దగ్గరకి వచ్చేసరికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పెట్టె మీద ఉన్నది ఆఫ్రికా సంతతి మనిషి, సిద్దీ. నిజాం దగ్గర ఆఫ్రికా వంశీకుల అశ్వికదళం ఉండేది. మాసబ్ ట్యాంక్ దగ్గర ఏ.సి. గార్డ్స్ అన్న పేటకి ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. బలానికి గుర్తుగా ఆ మనిషిని ఎంచుకున్నారు. బాగానే ఉంది. మరి వందేళ్ళ పైచిలుకు మన అలమారల్లో నిలబడి మన జలుబులు చూసిన ఆ మనిషికి ఒక పేరుందా? ఎక్కణ్ణించి వచ్చాడో, వాళ్ళ పిల్లలు ఏం చేస్తున్నారో ఎప్పుడైనా అడిగామా? బొమ్మలో బలం ఉంది గానీ మనిషి లేడు. కథలో పాత్రకి పేరు లేకపోతే విమర్శకులు ఒప్పుకోరు. పెట్టె మీద మాత్రం మనమందరం ఒప్పేసుకున్నాం.

ఇక అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆయనది కృష్ణా జిల్లా ఎలకుర్రు. మొదట్లో సంగీత సభలకి వెళ్ళి, వచ్చినవాళ్ళకి ఊరికే పంచిపెట్టారట. ఎంత తెలివో చూడండి. సభ అయ్యేసరికి రాత్రి పొద్దుపోతుంది, నిద్ర చాలదు, తల పట్టేస్తుంది. పొద్దున్నే జేబులో డబ్బీ ఉంటుంది. ఇది బాగా పనిచేస్తుందని కచేరీలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. రాసుకున్నవాడే పక్కింటాయనకి చెబుతాడు. కథ కంపెనీ చెప్పలేదు, తలనొప్పి తగ్గినవాడు చెప్పాడు.

ఆ డబ్బుతో ఆయన ఏం చేశారో తెలుసా? 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసు నుంచి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక మొదలుపెట్టారు. తెలుగులో ఎందరు పెద్ద పెద్ద కవులు, కథకులు, పండితులు ఆ భారతిలో అచ్చయ్యారో సాహిత్యం చదివినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మిగతా కంపెనీలు కథల్ని వాడుకుని సరుకు అమ్ముకున్నాయి. ఇక్కడ సరుకు అమ్మి కథల్ని బతికించారు. తెలుగువాళ్ళ తలనొప్పి మీద తెలుగు సాహిత్యం ఇంతకాలం నడిచిందంటే మా వారికి ఇప్పటికీ నవ్వే. "ఆ సాహిత్యం చదివి మళ్ళీ తలనొప్పి తెచ్చుకునేవారేమో, వ్యాపారం బ్రహ్మాండం" అంటారు. ఆయన మాటలు పట్టించుకోకండి.

ఇంతవరకూ చెప్పినవి సీసాల కథలు, చౌరస్తా కథలు. మనింట్లో పెట్టె ఒకటి వచ్చి మాట్లాడ్డం మొదలుపెట్టాక సంగతి మారింది. టీవీలో సరుకు వెనక్కి జరిగి, ముందు వరసలో మనమే నిలబడ్డాం. మనమంటే, మనలాగా చీర కట్టుకున్న ఒకావిడ. ఆవిడకి ఎప్పుడూ ఏదో ఒక తప్పు జరుగుతూ ఉండేది. చొక్కా కాలరు మురికి పోదు, కాఫీ రుచి కుదరదు, పిల్లవాడు అందరికన్నా పొట్టిగా ఉంటాడు. ఇంటాయన మొహం ముడుచుకుంటాడు. పక్కింటావిడ వచ్చి రహస్యం చెబుతుంది. తెల్లారేసరికి కాపరం నిలబడుతుంది. ముప్పై సెకన్ల కథలో పాతిక సెకన్లు మన తప్పు, ఐదు సెకన్లు వాళ్ళ సరుకు.

వీటిలో అన్నిటికన్నా క్రూరమైనది నా లెక్కలో తెల్లబరిచే క్రీము కథ. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది. చామనచాయ అమ్మాయికి పెళ్ళి కుదరదు, ఉద్యోగం రాదు, క్రీము రాస్తే అన్నీ వస్తాయి. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలు అద్దం ముందు ఈ కథ చదువుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారో! 2020లో ఆ పేరులో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అన్నారు. పేరు మార్చడానికి నలభై ఐదేళ్ళు పట్టింది. ఆ కథ విన్న పిల్లలు ఈలోగా అమ్మమ్మలయ్యారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ రోజుల్లోనే ఒక మంచి పాత్ర కూడా పుట్టింది. మీకు సర్ఫ్ లలితాజీ జ్ఞాపకం ఉందా? అహమ్మదాబాదు నుంచి నిర్మా పొడి చవగ్గా వచ్చి సర్ఫ్ ని గడగడలాడిస్తున్న 1980ల నాటి మాట. అప్పుడు సర్ఫ్ తరఫున అలిక్ పదంసీ గారి బృందం లలితాజీని సృష్టించింది. కవితా చౌదరి గారు వేశారు. 2024లో ఆవిడ పోయినప్పుడు మా వయసు ఆడవాళ్ళందరం ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డాం. లలితాజీ కూరల దగ్గర గీచి గీచి బేరం చేస్తుంది. అలాంటి మనిషి ఖరీదైన సర్ఫ్ ఎందుకు కొంటుందయ్యా అంటే, లెక్క చెబుతుంది. అరకిలో ఇది, కిలో మామూలు పొడితో సమానం, కనక ఇదే చవక అంటుంది. చవక సరుకు వేరు, మంచి సరుకు వేరు అని వేలు చూపించి మరీ చెబుతుంది. ఈ పాత్రకి మూలం మా అమ్మేనని పదంసీ గారే చెప్పుకున్నారు. అందుకే అంత బాగా కుదిరింది కాబోలు. ఆవిడ ఏడవలేదు, మొగుడి మొహం వంక చూడలేదు. ఆలోచించి డబ్బు ఖర్చుపెట్టే ఇల్లాలుగా నిలబడింది. లెక్క సరైనదో కాదో మనం ఇంట్లో బట్టలు ఉతికి తేల్చుకోవచ్చు. కథ చెప్పినవాడు మన తెలివిని గౌరవించాడన్నది నాకు ముఖ్యం.

అమ్మాయి ఊరుకుంటుందా? "అవన్నీ పాతవి పిన్నీ, ఇది చూడు" అని ఫోను నా చేతిలో పెట్టింది. 2016లో వచ్చిన ఏరియల్ ప్రకటన. ఒక తండ్రి కూతురి ఇంటికి వస్తాడు. ఆ పిల్ల ఆఫీసు నుంచి వచ్చీ రాగానే వంట, పిల్లవాడు, ఫోను, బట్టలు, అన్నీ ఒక్కతే చూసుకుంటూ ఉంటుంది. అల్లుడు టీవీ ముందు కూచుని ఉంటాడు. తండ్రికి తన తప్పు కనబడుతుంది. నేను మీ అమ్మకి ఏనాడూ సాయం చెయ్యలేదమ్మా, నువ్వు చూసి నేర్చుకున్నది అదే, అని ఉత్తరం రాస్తాడు. ఇంటికి వెళ్ళి తన బట్టలు తనే మిషన్లో వేస్తాడు. చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. మా వారు కూడా చూశారు. చూసి, గొంతు సవరించుకుని, ఆ పూట కాఫీ గ్లాసు తనే కడిగారు. మర్నాడు మళ్ళీ మామూలే అనుకోండి.

"ఇప్పుడు ఒప్పుకుంటావా, కథకి ఎంత శక్తి ఉందో?" అంది అమ్మాయి.

"కథకి శక్తి లేదని నేనెప్పుడన్నాను? దీంట్లోంచి పొడి తీసేసి చూడు. కథ ఏమైనా చెడిందా?"

"లేదు."

"పొడికి బదులు సబ్బు పెట్టు. చీపురు పెట్టు. కుక్కరు పెట్టు."

అమ్మాయి ఆలోచనలో పడింది. కథ నిలబడుతుంది. అంటే అది మంచి కథ. ఆ కథ చెప్పినందుకు వాళ్ళకి నమస్కారం. కానీ బట్టల మురికి పోతుందో లేదో ఆ కథ మనకి ఒక్క ముక్క చెప్పలేదు. కన్నీళ్ళు నిజమైనవే, సరుకు గురించి సాక్ష్యం మాత్రం కాదు. నాన్న మారాడు కనక పొడి మంచిదని మన మనసు తనంతట తనే లంకె వేసేస్తుంది. ఆ లంకె వేయించడానికే వాళ్ళ తాపత్రయమంతా. ఈ కథలో లంకె వల్ల పెద్ద నష్టం లేదు. పొడి నచ్చకపోతే వచ్చే నెల మారుస్తాం. కానీ ఆ లంకె ప్రాణం మీదికి వచ్చిన చోటు ఒకటి చూశాను. అది చెబితే గానీ నా విమర్శ పూర్తికాదు.

2023 ఎండాకాలం. మా పై వాటాలో ఉండే అమ్మాయి ఒక మధ్యాహ్నం కంగారుగా కిందికి వచ్చింది. "ఆంటీ, బాబుకి పొద్దుట్నుంచీ విరేచనాలు. ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉన్నాను. తగ్గకపోగా ఎక్కువవుతున్నాయి" అంది. పిల్లవాడికి రెండేళ్ళు. కళ్ళు లోపలికి పోయాయి. నాలిక తడారిపోయింది. ఆటో మాట్లాడుకుని పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఏం పట్టారమ్మా అని ఆయన అడిగితే ఆ పిల్ల సంచీలోంచి అట్టడబ్బా తీసింది. రంగురంగుల డబ్బా, పళ్ళ బొమ్మ, పెద్దక్షరాల్లో ఓ.ఆర్.ఎస్. అని ఉంది. డాక్టరు దాన్ని వెనక్కి తిప్పి, అడుగున చీమ తలకాయంత అక్షరాలు మా ఇద్దరికీ చూపించారు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్. కాదు అని ఉంది.

ముందువైపు అవును, వెనకవైపు కాదు!

డాక్టరు ఓపిగ్గా వివరించారు. అసలైన ఓ.ఆర్.ఎస్. లో లీటరు నీళ్ళకి గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం క్లోరైడు, సిట్రేటు లెక్క ప్రకారం ఉంటాయి. ఆ లెక్క కుదిరితేనే పేగు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. తియ్యటి పానీయంలో చక్కెర మోతాదు మించితే జరిగేది తిరగబడుతుంది. ఒంట్లో నీళ్ళు పేగులోకి వచ్చేస్తాయి, విరేచనాలు ఎక్కువవుతాయి. తల్లి ప్రేమగా పట్టిన ప్రతి గుక్కా పిల్లవాడికి ఎదురు తిరిగిందన్నమాట. ఆ పూట సెలైను ఎక్కించాక పిల్లవాడు కోలుకున్నాడు. వాడు ఇప్పుడు మా మెట్ల మీద బంతి ఆడి నా నిద్ర పాడుచేస్తున్నాడు, సంతోషం. ఆ తల్లి మాత్రం చాలా రోజులు "నేనే చేశానాంటీ, నా చేతుల్తో నేనే చేశాను" అని కుమిలిపోయింది. చదువుకున్న పిల్ల. చదవడంలో లోపమేమీ లేదు. తనకి పెద్దక్షరాల్లో చెప్పిన కథ నమ్మింది, అంతే.

ఈ మూడక్షరాల కథ మీద హైదరాబాదులోనే ఒక పిల్లల డాక్టరు ఒంటిచేత్తో పోరాటం మొదలుపెట్టారని నాకు తరవాత తెలిసింది. డాక్టర్ శివరంజని సంతోష్ గారు. ఎనిమిదేళ్ళు అర్జీలు పెట్టారు, కోర్టుకెక్కారు, తల్లులకి వీడియోల్లో చెప్పి చెప్పి అలిసిపోయారు. 2022లో, అడుగున చిన్న హెచ్చరిక వేస్తే పేరులో ఆ అక్షరాలు ఉంచుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది. మా పిల్లవాడి డబ్బా మీద ఉన్నది ఆ హెచ్చరికే. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సంస్థే ఆ అనుమతులు వెనక్కి తీసుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లేని పానీయాల పేరులో ఎక్కడా ఓ.ఆర్.ఎస్. అన్న మాట ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ వార్త విని డాక్టరు గారు కెమెరా ముందే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ళు చూసి నాకు ఏరియల్ తండ్రి కన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఇలాంటిదే ఇంతకు ముందూ జరిగింది. బొద్దుగా నవ్వే పాపాయి బొమ్మతో పాలపొడి డబ్బాలు వచ్చేవి, మీకు గుర్తుండే ఉంటుంది. మా పాలపొడి తాగితే మీ పాప ఇలా ఉంటుంది అన్న మాట ఎక్కడా రాయక్కర్లేదు, బొమ్మే చెప్పేసేది. తల్లిపాలు ఉన్నవాళ్ళు కూడా డబ్బాకి మళ్ళారు. 1992లో చట్టం వచ్చి, ఆ డబ్బాల మీద పసిపిల్లల బొమ్మలు వెయ్యకూడదంది, వాటికి ప్రకటనలే ఉండకూడదంది. చట్టం ఒక కథని నిషేధించడమంటే మామూలుగా మనం నొచ్చుకుంటాం. ఈ కథ విషయంలో నాకు ఏ నొప్పీ లేదు.

ఆ రాత్రి అమ్మాయి, నేను మేడ మీద కూచుని ఇవన్నీ కలబోసుకున్నాం. ప్రకటన కథ మామూలు కథలాంటిది కాదని నాకు అనిపించింది. నవలలో రాకుమారుడు రెక్కల గుర్రం ఎక్కితే ఎవరికీ నష్టం లేదు, అది కథని మనకి తెలుసు. ప్రకటనలో కథ మాట ఇవ్వడం లాంటిది. ముందువైపు మాట ఇస్తారు. ఆ మాట నిలబడిందో లేదో మన ఇంట్లో, మన పొయ్యి మీద, మన పిల్లవాడి ఒంట్లో తేలుతుంది. కథ మొదలు రాసేది వాళ్ళయినా ముగింపు రాసేది మనం. ప్యారడైజ్ కి ఆ ముగింపు ఊరు రాసింది, అమృతాంజనానికి తలనొప్పి తగ్గినవాళ్ళు రాశారు. ఓ.ఆర్.ఎస్. డబ్బాకి మాత్రం పై వాటా అమ్మాయి కన్నీళ్ళతో రాసింది.

అందుకని అమ్మాయికి నా విమర్శ సూత్రాలు మూడే చెప్పాను. అలంకార శాస్త్రం కాదు లెండి, వంటింటి శాస్త్రం. ఈ కథ నన్ను భయపెట్టి, సిగ్గుపరిచి కొనిపిస్తోందా, లలితాజీలాగా నాతో లెక్క మాట్లాడుతోందా అన్నది మొదటి ప్రశ్న. కథలోంచి సరుకుని తీసేస్తే ఏం మిగులుతుందన్నది రెండోది. కథ చెక్కుచెదరకపోతే చప్పట్లు కొట్టి, సరుకు సంగతి విడిగా ఆరా తియ్యాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, పెద్దక్షరాలు చెప్పిన కథే చిన్నక్షరాలూ చెబుతున్నాయా? రెండు కథలూ వేరయితే ఆ రచయిత ఎంత గొప్పవాడైనా, మనల్ని ఎంత ఏడిపించినా, అది చెడ్డ సాహిత్యం. మొహమాటం లేకుండా చెప్పెయ్యాలి.

అమ్మాయి అవన్నీ రాసుకుని వెళ్ళింది. నెల తరవాత ఫోను చేస్తే, "మీ సారు ఏమన్నారే?" అని అడిగాను.

"చాలా బాగుందన్నారు పిన్నీ. కానీ ఇలా ఆలోచిస్తే మార్కెటింగులో ఉద్యోగం దొరకడం కష్టమన్నారు."

నేను కంగారుపడ్డాను. మా అక్కకి ఏం జవాబు చెప్పాలి? అమ్మాయి మాత్రం నవ్వేసింది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్ళీ మోండా మార్కెట్టుకి నాతో వచ్చింది. కిరాణా కొట్లో ఏదో పొడి పాకెట్టు తీసుకుని, ముందువైపు చూడకుండానే వెనక్కి తిప్పి, కళ్ళు చిట్లించుకుని చదవడం మొదలుపెట్టింది. ముందువైపు చూడవేమే, బొమ్మ బాగుంది అన్నాను.

"ఆ కథ తరవాత చదువుతాలే పిన్నీ. ముందు ఇది కానీ" అంది.

అప్పుడు నాకు తన ఉద్యోగం గురించి బెంగ పోయింది. ఇలా చదివే పిల్ల కథలు రాయడం మొదలుపెడితే, ఆ కథలు మనం నమ్మొచ్చు. ఏమంటారు?